ముందస్తు భావనలు, విదేశాంగ విధానం: ఉక్రెయిన్ యుద్ధం బిలాస్‌పుర్‌కు చేరిన దారి

2022 ఏప్రిల్ చివరి వారంలో, బిలాస్‌పుర్ ప్రధాన కేంద్రంగా పనిచేసే ఆగ్నేయ మధ్య రైల్వే పలు ప్రయాణికుల రైళ్లను నెల రోజుల పాటు రద్దు చేసింది. బొగ్గు రేక్‌లకు దారి ఇవ్వడమే అందుకు కారణం. వేసవి సెలవులు, పెళ్లి ముహూర్తాలు కలిసివచ్చిన సమయంలో తీసుకున్న ఈ నిర్ణయంపై అప్పటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అభ్యంతరం తెలిపారు. ఆ తరువాత కొన్ని రైళ్లను పునరుద్ధరించారు. ఆ ఏడాది ఎండలు ముందుగా ముదరడం, కోవిడ్ అనంతరం పరిశ్రమలు ఒక్కసారిగా కోలుకోవడం, విద్యుత్ కేంద్రాల వద్ద నిల్వలు తరిగిపోవడం ఈ పరిస్థితికి దారితీశాయి. వీటికి తోడైన మరో కారణం, బిలాస్‌పుర్‌కు అయిదు వేల కిలోమీటర్లకు పైగా దూరాన జరుగుతున్న ఉక్రెయిన్ యుద్ధం.

దూరదేశపు యుద్ధం పట్ల ఒక ప్రభుత్వం అనుసరించే వైఖరి ఆ యుద్ధపు వాస్తవాల మీదనే కాక, విధానకర్తల మనసులో అప్పటికే స్థిరపడిన కొన్ని భావనల మీద కూడా ఆధారపడి ఉంటుంది. యుద్ధం వస్తుందా రాదా, వస్తే ఎన్నాళ్లు సాగుతుంది, పాత మిత్రుడు మాట నిలుపుకుంటాడా, కొత్త మిత్రుడు ఎంతవరకు ఓర్చుకుంటాడు అన్న ప్రశ్నలకు ముందే సిద్ధంగా ఉన్న జవాబులే ఆ భావనలు. అవి తప్పినప్పుడు మూల్యం చెల్లించేది చాలాసార్లు ఆ చర్చలో చోటు లేనివారు.

అంచనా వేరు, భావన వేరు

తెలుగులో ‘అంచనా’ అనే మాటను ఈ రెండింటికీ వాడుతున్నారు గాని, వాటి మధ్య తేడా ముఖ్యమైనది. అంచనా లెక్క మీద నిలబడుతుంది. దాన్ని కాగితం మీద పెట్టి సరిచూడవచ్చు, తప్పితే దిద్దుకోవచ్చు. ముందస్తు భావన ఎక్కడా రాసి ఉండదు. లెక్క మొదలుపెట్టక ముందే అది లెక్కలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని ప్రశ్నించరు. అంతర్జాతీయ సంబంధాల అధ్యయనంలో ఈ అంశానికి పునాది వేసిన గ్రంథాలలో అమెరికన్ పండితుడు రాబర్ట్ జెర్విస్ 1976లో ప్రచురించిన పుస్తకం ఒకటి. నాయకులు కొత్త సమాచారాన్ని తమ పాత నమ్మకాలకు అనుగుణంగా మలచుకుంటారని, ఎదుటి దేశం చేసే ప్రతి పనిలోనూ ఉన్నదాని కంటే ఎక్కువ పథకాన్ని ఊహిస్తారని ఆయన వివరించారు. అంతకు మూడేళ్ల ముందు చరిత్రకారుడు ఎర్నెస్ట్ మే, విధానకర్తలు గతకాలపు పోలికలను సరిగా పరిశీలించకుండానే వర్తమానానికి అన్వయిస్తారని చూపించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న రాబర్ట్ మెక్‌నమారా 1995లో వెలువరించిన జ్ఞాపకాలలో, తమ ప్రభుత్వ ప్రాథమిక భావనలే తప్పని అంగీకరించారు.

2022 ఫిబ్రవరి 24కు ముందు ఇలాంటి భావనలు అన్ని రాజధానుల్లోనూ ఉన్నాయి. కీవ్ కొద్ది రోజుల్లోనే లొంగిపోతుందని మాస్కో నమ్మింది. యుద్ధం ఆసన్నమైందని వాషింగ్టన్ పదే పదే హెచ్చరించినా యూరప్‌లో చాలామంది నమ్మలేదు.

రాయబార కార్యాలయం వాడిన క్రియాపదం

తెలుగు రాష్ట్రాలకు ఈ యుద్ధం మొదట తాకింది వైద్య విద్యార్థుల ద్వారా. ఉక్రెయిన్‌లో చదువుతున్న వేలాది భారతీయ విద్యార్థుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు గణనీయంగా ఉన్నారు. కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం ఫిబ్రవరి 15న ఒక సూచన జారీ చేసింది. అక్కడ ఉండటం అత్యవసరం కాని భారతీయులు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచే విషయాన్ని ‘పరిశీలించవచ్చు’ అన్నది దాని సారాంశం. ఫిబ్రవరి 20 నాటి సూచనలో ఆ క్రియ మారింది. ఈసారి విద్యార్థులందరూ తాత్కాలికంగా వెళ్లాలని సలహా ఇచ్చారు. 24వ తేదీ తెల్లవారుజామున దాడి మొదలై గగనతలం మూతపడింది. విద్యార్థులను తీసుకురావడానికి ఢిల్లీ నుంచి బయల్దేరిన ఎయిరిండియా విమానం దారిలోనే వెనుదిరిగింది.

‘పరిశీలించవచ్చు’ అన్న మాటలో ఒక భావన దాగి ఉంది. యుద్ధం రాకపోవచ్చు, వచ్చినా తేరుకునే సమయం ఉంటుంది అన్నదే అది. తరగతులు మానేస్తే హాజరు పోతుందన్న భయంలో ఉన్న విద్యార్థి, లక్షల అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రులు ఆ మాటను అనుమతిగా తీసుకున్నారే తప్ప హెచ్చరికగా తీసుకోలేదు. అయిదు రోజుల తరువాత మాట గట్టిపడినా, టికెట్లు దొరకడం అప్పటికే కష్టమైంది. ఆపై ‘ఆపరేషన్ గంగ’ పేరిట పోలండ్, రొమేనియా, హంగరీ, స్లొవేకియాల మీదుగా సుమారు 22,500 మంది భారతీయులను ప్రభుత్వం వెనక్కి తీసుకువచ్చింది. ఇది చెప్పుకోదగిన పనే. అయితే మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటకకు చెందిన ఒక వైద్య విద్యార్థి దాడిలో మరణించాడు. సుమీ నగరంలో చిక్కుకున్నవారు బయటపడటానికి మార్చి 8 వరకు పట్టింది.

గైర్హాజరు కాదు

2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ రష్యా చర్యను గర్హిస్తూ తీర్మానం చేసినప్పుడు 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ సహా 35 దేశాలు ఏ పక్షానికీ ఓటు వేయలేదు. ఈ వార్తను తెలుగు మాధ్యమాలు తరచు ‘భారత్ గైర్హాజరు’ అని రాశాయి. ఈ మాట తప్పుదోవ పట్టిస్తుంది. భారత ప్రతినిధి సభలోనే ఉన్నారు. ఓటు వేయకపోవడానికి కారణాన్ని సభకు వివరించారు కూడా. దేశాల సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలని, చర్చలకు మళ్లాలని భారత్ కోరింది. రష్యా పేరును మాత్రం విమర్శకు జోడించలేదు. రాకపోవడం, వచ్చి ఓటు వేయకుండా ఉండటం దౌత్యంలో పూర్తిగా వేర్వేరు చర్యలు. ‘ఓటు వేయకుండా ఉంది’ అంటే సరిపోయేదానికి బడి హాజరుపట్టీ మాట వాడటం వల్ల, తూచి తీసుకున్న నిర్ణయం పాఠకుడికి తప్పించుకోవడంగా కనిపించింది.

ఆ నిర్ణయం వెనుక ఉన్న భావనలు నాలుగు అని స్థూలంగా చెప్పవచ్చు. ఆయుధాల సరఫరాలో రష్యా నమ్మదగిన దేశం. దాన్ని ఒంటరిని చేస్తే చైనా ఒడిలోకి నెట్టినట్లవుతుంది. చౌక ఇంధనం లేకుండా దేశీయ ధరలను అదుపు చేయలేం. చైనాను నిలువరించడానికి భారత్ అవసరం కాబట్టి అమెరికా ఈ తేడాను ఓర్చుకుంటుంది. విదేశాంగ మంత్రి ఎస్.జైశంకర్ 2022 జూన్‌లో బ్రాటిస్లావాలో మాట్లాడుతూ, తన సమస్యలు ప్రపంచ సమస్యలని, ప్రపంచ సమస్యలు తనవి కావని భావించే ధోరణి నుంచి యూరప్ బయటపడాలని అన్నారు. ఎదుటివారి ముందస్తు భావనను ఎత్తిచూపిన ఈ వ్యాఖ్య దేశంలో విశేషంగా ప్రచారం పొందింది. మన భావనలపై అంతటి చర్చ జరగలేదు.

వాటిలో మొదటిది త్వరగానే బీటలు వారింది. యుద్ధం కారణంగా రష్యా నుంచి రావలసిన ఒక పెద్ద సరఫరా ఆగిపోయిందని భారత వైమానిక దళం 2023లో రక్షణ శాఖ స్థాయీ సంఘానికి తెలిపింది. 2018లో ఒప్పందం చేసుకున్న అయిదు ఎస్-400 వ్యవస్థల్లో చివరి రెండు ఆలస్యమయ్యాయి. రెండో భావన విషయానికి వస్తే, భారత్ ఎంత సంయమనం పాటించినా రష్యా చైనాకు దగ్గరవడం ఆగలేదు. మూడోది మాత్రం ఫలించింది. యుద్ధానికి ముందు భారత్ ముడిచమురు దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా వాటా తరువాతి రెండేళ్లలో మూడో వంతుకు చేరింది. నాలుగో భావన సంగతి తరువాత చూద్దాం.

బొగ్గు లెక్క

చమురు మీద ఉన్న శ్రద్ధ బొగ్గు మీద లేకపోయింది. దీనికి కారణమూ ఒక భావనే. మన దగ్గర బొగ్గు సమృద్ధిగా ఉంది, విదేశీ మార్కెట్ ఒడుదొడుకులు మనల్ని తాకవు అన్నది దాని సారం. 2023-24 నాటికి థర్మల్ బొగ్గు దిగుమతులు ఆపేస్తామని కేంద్ర బొగ్గు శాఖ మంత్రి ప్రహ్లాద్ జోషి 2020 ఫిబ్రవరిలో ప్రకటించారు. బిలాస్‌పుర్ నుంచి చూస్తే ఆ మాట అతిశయోక్తిగా కనిపించదు. కోల్ ఇండియా అనుబంధ సంస్థ అయిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఈ పట్టణంలోనే ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద బొగ్గు గనుల్లో లెక్కకు వచ్చే గెవరా, కుస్‌ముండా పక్కనున్న కోర్బా జిల్లాలోనివే. సరుకు లోడింగ్‌లో బిలాస్‌పుర్ డివిజన్ దేశంలో అగ్రశ్రేణిలో ఉంటుంది.

అయితే దేశంలో సుమారు 17 వేల మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రాలు దిగుమతి బొగ్గు కోసమే నిర్మితమైనవి. అవి ఎక్కువగా గుజరాత్, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వంటి తీర రాష్ట్రాల్లో ఉన్నాయి. 2022 జనవరిలో ఇండోనేసియా కొన్నాళ్లు బొగ్గు ఎగుమతులు నిలిపివేయడంతో మొదలైన ధరల పెరుగుదల, యుద్ధంతో తారస్థాయికి చేరింది. మార్చిలో ఆస్ట్రేలియా న్యూకాజిల్ బొగ్గు ధర టన్నుకు 400 డాలర్లు దాటింది. ముందే ఖరారైన రేటుకు విద్యుత్ అమ్మాల్సిన కేంద్రాలకు ఆ ధరకు బొగ్గు కొనడం కంటే యంత్రాలు ఆపుకోవడమే మేలనిపించింది. ఆ లోటు భారం దేశీయ బొగ్గు మీద పడింది.

ఇక్కడే రైలు పట్టాల లెక్క మొదలవుతుంది. వెయ్యి మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 16 వేల టన్నుల బొగ్గు కావాలి. ఒక రేక్‌లో 58 లేదా 59 వ్యాగన్లు ఉంటాయి. అది మోసేది దాదాపు నాలుగు వేల టన్నులు. అంటే ఒక్క కేంద్రానికే రోజుకు నాలుగు రేక్‌లు. ఓడలో వచ్చే బొగ్గు రేవు పక్కనే ఖర్చయిపోతుంది. దాని స్థానంలో కోర్బా బొగ్గు పశ్చిమ తీరానికి వెళ్లాలంటే ఒక్కో రేక్ వెయ్యి కిలోమీటర్లకు పైగా నడవాలి, ఖాళీగా తిరిగి రావాలి. అదే రేక్ మళ్లీ లోడింగ్‌కు వచ్చేసరికి రోజులు గడుస్తాయి. గని నోట బొగ్గు గుట్టలు ఉన్నా వ్యాగన్ ఉండదు, వ్యాగన్ ఉన్నా దారి ఉండదు. వేగంగా పోయే ప్రయాణికుల రైలుకు దారి ఇవ్వడానికి నిదానంగా నడిచే గూడ్సు బండ్లను లూప్ లైన్లలో నిలపాలి. ఒక ఎక్స్‌ప్రెస్‌ను తీసేస్తే ఒకటి కంటే ఎక్కువ గూడ్సు బండ్లకు వీలు కలుగుతుంది. ఏప్రిల్‌లో జరిగింది ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో దీని ప్రభావం మరో రూపంలో కనిపించింది. ఏప్రిల్ 8 నుంచి రెండు వారాల పాటు రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరం నడవాల్సిన పరిశ్రమలు సగం విద్యుత్‌తోనే సరిపెట్టుకోవాలన్నారు, మిగిలినవి వారంలో మరో రోజు మూతపడ్డాయి. ఎక్స్ఛేంజీలో విద్యుత్ ధరకు యూనిట్‌కు 12 రూపాయల గరిష్ఠ పరిమితి విధించినా ఆ ధరకు కూడా సరిపడా దొరకలేదు. మే 5న కేంద్ర విద్యుత్ శాఖ విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్‌ను ప్రయోగించి, దిగుమతి బొగ్గు కేంద్రాలన్నీ నడవాల్సిందేనని ఆదేశించింది. దేశీయ బొగ్గులో 10 శాతం విదేశీ బొగ్గు కలపాలని రాష్ట్రాలకు సూచించింది. జూన్‌లో కోల్ ఇండియా తన చరిత్రలో తొలిసారిగా బొగ్గు దిగుమతికి టెండరు పిలిచింది. దిగుమతులే ఉండవన్న ప్రకటన వెలువడి అప్పటికి రెండున్నరేళ్లు కూడా కాలేదు.

పట్టణం, దాని తెలుగువారు

బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే 1887లో ఏర్పడి, నాగ్‌పుర్ నుంచి అసన్‌సోల్ వరకు 1891 నాటికి లైను పూర్తి చేయడంతో బిలాస్‌పుర్ రైల్వే పట్టణంగా ఎదిగింది. అదే సంస్థ లైన్లు విజయనగరం, వాల్తేరుల మీదుగా పోవడం వల్ల ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పుర్, చక్రధర్‌పుర్, బిలాస్‌పుర్‌లకు తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. రాయ్‌పుర్ – విజయనగరం మార్గం 1931లో పూర్తయ్యాక ఆ రాకపోకలు పెరిగాయి. 2003 ఏప్రిల్ వరకు వాల్తేరు, బిలాస్‌పుర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. రైల్వే ప్రాంతంలో తెలుగువారు జరిపే సోలాపురి మాత పూజ, బుధవారీ బజార్‌లో వినిపించే శ్రీకాకుళం యాస ఆ వలసకు ఆనవాళ్లు. వీరికి విశాఖపట్నం – కోర్బా ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లు ఊరికి, ఉద్యోగానికి మధ్య ఉన్న దారి. రైల్వే ఉద్యోగి కుటుంబానికి బొగ్గు రేక్ జీతం, ఎక్స్‌ప్రెస్ ఊరు. ఆ వేసవిలో ఒకదాని కోసం మరొకటి ఆగాల్సి వచ్చింది.

నింద, ఖండన

2003 ఏప్రిల్ బిలాస్‌పుర్‌కు కొత్త జోన్ ఉనికిలోకి వచ్చిన నెల. ఇరాక్‌పై అమెరికా దాడిని లోక్‌సభ తీర్మానంతో ఎదుర్కొన్న నెల కూడా అదే. మార్చి 20న దాడి మొదలైతే, తీర్మానంలో ఏ పదం వాడాలన్న వాదనలోనే రోజులు గడిచాయి. చివరకు ఏప్రిల్ 8న ఆమోదం పొందిన హిందీ పాఠంలో ‘నిందా’ అనే పదం ఉంది. ప్రతిపక్షం దాన్ని గట్టి ఖండనగా చదువుకుంది. ప్రభుత్వం ఇచ్చిన ఆంగ్ల పాఠంలో అంతకంటే మెత్తని క్రియ, దాదాపు ‘గర్హించడం’ అనదగినది, చోటు చేసుకుంది. తెలుగు అనువాదకుడికి చిక్కు ఇంకా ఎక్కువ. తెలుగులో ‘నింద’ అంటే లేని తప్పు మోపడం. హిందీలో ‘ఖండన్’ అంటే అభియోగాన్ని కాదనడం. రెండు భాషల మధ్య బతికే బిలాస్‌పుర్ తెలుగువారికి ఈ తికమక కొత్తది కాదు గాని, పార్లమెంటు దాన్ని పనికివచ్చే సాధనంగా వాడుకుంది.

ఆ వేసవిలో ఇరాక్‌కు భారత సైన్యాన్ని పంపాలని అమెరికా కోరింది. సైన్యాన్ని పంపితే వాషింగ్టన్‌తో కొత్త బంధం ఏర్పడుతుందని, పునర్నిర్మాణ కాంట్రాక్టులు వస్తాయని ఢిల్లీలో ఒక వర్గం వాదించింది. ఇరాక్‌లో పోరు దాదాపు ముగిసిందన్నది ఈ వాదనకు పునాది. వాజపేయి ప్రభుత్వం జూలై 14న, ఐరాస స్పష్టమైన అనుమతి లేకుండా పంపలేమని ప్రకటించింది. యుద్ధానికి కారణంగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు లేవని అమెరికా సొంత పరిశీలక బృందమే 2004లో తేల్చింది. పోరు ఏళ్ల తరబడి సాగింది. ఈ నిర్ణయం సరైనదన్న విషయంలో నేడు పెద్దగా భేదాభిప్రాయం లేదు. ప్రభుత్వం తన భావనను అనుమానించడానికి మూడు నెలల వ్యవధి తీసుకోగలగడమే ఇక్కడ విశేషం.

1980లో ఆ వ్యవధి దొరకలేదు. 1979 డిసెంబరు చివరలో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లో ప్రవేశించాయి. జనవరి తొలి వారంలో ఎన్నికల్లో గెలిచిన ఇందిరా గాంధీ ఇంకా ప్రమాణం చేయకముందే, ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధి బ్రజేశ్ మిశ్రా ప్రసంగం వెలువడింది. అఫ్గాన్ ప్రభుత్వం కోరితేనే సేనలు వెళ్లాయని, అది కోరినప్పుడు వెనుదిరుగుతాయని సోవియట్ ఇచ్చిన హామీని మిత్రదేశపు మాటగా భారత్ నమ్మింది. జనవరి 14న సర్వసభ్య సభ 104 – 18 ఓట్లతో విదేశీ సేనల ఉపసంహరణ కోరినప్పుడు ఓటు వేయని 18 దేశాల్లో భారత్ ఉంది. అదే రోజు ఢిల్లీలో కొత్త ప్రభుత్వం కొలువుదీరింది. విదేశాంగ శాఖ కరీంనగర్ జిల్లాకు చెందిన పి.వి.నరసింహారావుకు దక్కింది.

తాను రాయని ప్రసంగపు భారాన్ని మోయడమే కొత్త మంత్రి తొలి బాధ్యత అయింది. సోవియట్ విదేశాంగ మంత్రి గ్రొమికో ఫిబ్రవరిలో ఢిల్లీ వచ్చారు. భారత నేతలు లోపల సేనల ఉపసంహరణ కోరుతూ, బయట మౌనం పాటించారు. 1981 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన అలీన దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం ‘విదేశీ బలగాలు’ వైదొలగాలని కోరింది. ఏ దేశపు బలగాలో చెప్పలేదు. బహుభాషావేత్త అయిన పీవీకి ఆ విశేషణం విలువ తెలియనిది కాదు. కాని నమ్మిన హామీ నెరవేరలేదు. అదే ఏడాది అమెరికా పాకిస్థాన్‌కు 320 కోట్ల డాలర్ల సహాయ ప్యాకేజీ ప్రకటించింది. సోవియట్ చివరి సైనికుడు అఫ్గానిస్థాన్ విడిచింది 1989 ఫిబ్రవరి 15న.

నాలుగో భావన

రష్యా చమురు కొనుగోలును అమెరికా ఓర్చుకుంటుందన్న భావన మూడేళ్లకు పైగా నిలిచింది. 2022 డిసెంబరులో జీ-7 దేశాలు విధించిన బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి ఉద్దేశం కూడా రష్యా ఆదాయం తగ్గించడమే తప్ప చమురు ఆపడం కాదు. అందువల్ల ఆ భావనకు అప్పట్లో ఆధారం లేకపోలేదు. అయితే అది ఒక ప్రభుత్వపు వైఖరి, ఆ దేశపు శాశ్వత ప్రయోజనం కాదు. 2025 ఆగస్టు 6న అధ్యక్షుడు ట్రంప్, రష్యా చమురును కారణంగా చూపి భారత సరుకులపై 25 శాతం అదనపు సుంకం విధించారు. ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతానికి చేరిన ఆ సుంకం, పాత పన్నులతో కలిసి రొయ్యల ఎగుమతిపై 58 శాతం దాటింది.

దేశంలో రొయ్యల సాగులో, ఎగుమతిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. అమెరికా దానికి ప్రధాన మార్కెట్. భీమవరం పరిసరాల్లో వెనామీ చెరువు వేసిన రైతు ముడిచమురు ఎక్కడి నుంచి కొనాలో నిర్ణయించలేదు. చౌకగా కొన్న చమురు లాభం నేరుగా అతని చేతికి రాలేదు, పెట్రోలు బంకుల్లో ధర పెద్దగా తగ్గలేదు. సుంకం ప్రకటించిన వెంటనే కొనుగోలుదారులు చెరువు గట్టు దగ్గర ధర తగ్గించారు. సాయం కోరుతూ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖలు రాశారు. చమురు వల్ల మిగిలింది ఎంత, రొయ్యల్లో, దుస్తుల్లో, ఆభరణాల్లో పోయింది ఎంత అన్న లెక్క సాధ్యమే. దాన్ని రాష్ట్రాల వారీగా వేయడం విదేశాంగ శాఖ పని కాదన్నది మరో పాత భావన.

బొగ్గు విషయంలో దిద్దుబాటు కొంత జరిగింది. 10 శాతం కలపాలన్న ఆదేశాన్ని 2022 ఆగస్టులో సడలించారు. 2024-25లో దేశీయ ఉత్పత్తి తొలిసారి వంద కోట్ల టన్నులు దాటింది. దిగుమతులు మాత్రం ఆగలేదు. గనుల నుంచి వచ్చే రద్దీని తట్టుకోవడానికి బిలాస్‌పుర్ – ఝార్సుగుడా మార్గంలో మూడు, నాలుగు లైన్ల పనులు చేపట్టారు. ఆ పనుల కోసం కూడా ప్రయాణికుల రైళ్లు విడతల వారీగా రద్దవుతూ వచ్చాయి.